28 రోజుల గడువు: భీమవరం సుబ్బారావు గారు, ఒక పిల్లల డాక్టరు, ఒక చిన్న మాత్ర

ఇబ్రహీంపట్నం నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చాను. మా ఊరు తెలియనివాళ్ళకి ఒక గుర్తు: విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తుంటే థర్మల్ స్టేషన్ చిమ్నీలు కనిపిస్తాయి కదా, అదే. ఇక్కడే ఫెర్రీ దగ్గర గోదావరి నీళ్ళొచ్చి కృష్ణలో కలుస్తాయి. ఇవాళ్టి కథ కూడా ఆ గోదావరి వైపు నుంచే వస్తుంది.

ముందు ఈ ఎపిసోడ్ ఎందుకో చెప్తాను. నేను కోడింగ్ ఉద్యోగంలో ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒకతని పాపకి పుట్టుకతోనే స్పైనా బిఫిడా ఉంది. అంటే వెన్నెముక కింది భాగం పూర్తిగా మూసుకోకుండానే పుట్టింది. ఆపరేషన్ అయ్యింది, పాప బాగానే ఉంది. కానీ వాళ్ళావిడ అందరినీ ఒకటే అడిగేది: "మూడో నెల నుంచి ఒక్క మాత్ర కూడా మానలేదు. నేనేం తప్పు చేశాను?" అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివితే, ఆ జవాబు వెనక దాదాపు 60 ఏళ్ళ చరిత్ర ఉందని తెలిసింది.

ముందు సంగతి సింపుల్‌గా చెప్పుకుందాం. గర్భం నిలిచిన కొత్తలో బిడ్డ వీపు వైపు పలకలాంటి ఒక పొర ఉంటుంది. అది చాప చుట్టినట్టు చుట్టుకుని గొట్టమవుతుంది. దాన్నే న్యూరల్ ట్యూబ్ అంటారు. పైభాగం మెదడు, మిగతాది వెన్నుపాము. ఆ గొట్టం సుమారు 28 రోజులకే మూసుకోవాలి. అంటే నెల తప్పి రెండు వారాలు అయ్యేసరికి ఆ పని అయిపోతుంది. చాలామంది అప్పటికి డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళి ఉండరు.

ఇప్పుడు భీమవరం వెళ్దాం. 1895లో అక్కడ పుట్టారు ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలోనే పోయారు. మద్రాసులో వైద్యం చదివి, 1920ల్లో అమెరికాలో హార్వర్డ్‌కి వెళ్ళారు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి పరిశోధన నడిపించారు.

అంతకుముందే లూసీ విల్స్ అనే ఇంగ్లీష్ డాక్టర్ బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేశారు. ఈస్ట్‌తో చేసే మార్మైట్ ఇస్తే వాళ్ళు కోలుకుంటున్నారని 1931లో రాశారు. అందులో ఏదో ఉంది, అదేంటో తెలీదు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరు చేసి, లాటిన్‌లో ఆకు అనే మాట మీదుగా ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. 1945లో సుబ్బారావు గారి లెడర్లీ బృందం దాన్ని ల్యాబ్‌లో తయారుచేసింది. అప్పటినుంచి కావలసినంత దొరికే వీలు కలిగింది. తన అన్నదమ్ముల్ని తీసుకెళ్ళిన స్ప్రూకి కూడా అది మందుగా పనిచేసింది.

ఇక్కడ ఒకటి క్లియర్‌గా చెప్పాలి. సుబ్బారావు గారు స్పైనా బిఫిడా మీద పని చేయలేదు. 1948లో, 53 ఏళ్ళకే పోయారు. తన బృందం చేసిన మందు పుట్టబోయే పిల్లల వెన్నుని కాపాడుతుందని ఆయనకి తెలిసే అవకాశమే లేదు.

ఆ సంగతి పట్టుకున్నది రిచర్డ్ స్మిథెల్స్, ఇంగ్లండ్‌లో పిల్లల డాక్టరు. ఇలాంటి లోపాలతో పుట్టిన బిడ్డల్ని చూస్తూ, అసలు ఎందుకు పుడుతున్నారని అడిగిన మనిషి. 1965లో ప్రసూతి డాక్టరు హిబ్బర్డ్‌తో కలిసి, లోపాలున్న పిల్లల తల్లుల్లో ఫోలేట్ తేడాగా ఉంటోందని రాశారు. తర్వాత ఒకసారి అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకి, మళ్ళీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఉన్న విటమిన్లు ఇచ్చారు. 1980లో ఫలితాలొచ్చాయి. విటమిన్లు వాడినవాళ్ళలో 178 మంది బిడ్డలకి 1 కేసు. వాడనివాళ్ళలో 260 మందికి 13.

ఇంత తేడా ఉంటే చాలదా? చాల్లేదు. ఎవరికి మందివ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చే ప్రయోగానికి ఎథిక్స్ కమిటీలు ఒప్పుకోలేదు. అలా చేయలేదు కాబట్టి మిగతా డాక్టర్లు ఫలితాన్ని నమ్మలేదు. చివరికి బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 7 దేశాల్లో, 33 కేంద్రాల్లో ఆ ప్రయోగం చేసింది. 1991లో మధ్యలోనే ఆపేశారు, ఎందుకంటే ఫోలిక్ యాసిడ్ 72 శాతం కేసుల్ని ఆపుతోందని తేలిపోయింది. 1965 నుంచి 1991 దాకా, 26 ఏళ్ళు.

మరి అప్పటికే పుట్టిన పిల్లల సంగతి? ఇంజనీర్‌గా నాకు బాగా నచ్చిన భాగం ఇదే. స్పైనా బిఫిడా పిల్లల్లో చాలామందికి తలలో నీరు చేరుతుంది. 1956లో జాన్ హోల్టర్ అనే మెకానిక్, ఈ జబ్బుతోనే పుట్టిన సొంత కొడుకు కోసం ఆ నీటిని బయటికి పంపే చిన్న వాల్వ్ తయారుచేశాడు. తర్వాత గండం కిడ్నీలు. నరాలు పనిచేయక మూత్రం నిలిచిపోయి, కిడ్నీలు పాడయ్యేవి. 1972లో అమెరికా డాక్టర్ లాపిడెస్ ఒక మాట చెప్పారు: మూత్రం తీసే గొట్టం ఆపరేషన్ థియేటర్ అంత స్టెరైల్‌గా ఉండక్కర్లేదు, శుభ్రంగా ఉండి టైమ్‌కి తీస్తే చాలు. అంటే అమ్మ ఇంట్లోనే చేయొచ్చు, పెద్దయ్యాక పిల్లలే చేసుకోవచ్చు.

అలా పిల్లలు బతకడం, పెద్దవడం మొదలైంది. దాంతో ఇంకో అవసరం వచ్చింది. న్యూరో సర్జన్ వెన్ను చూస్తారు, యూరాలజిస్ట్ మూత్రం, ఆర్థో డాక్టర్ కాళ్ళు. పిల్ల నడుస్తుందా, బడిలో కూర్చోగలదా, పాఠం అర్థమవుతోందా, ఇవన్నీ కలిపి చూసేదెవరు? అదే డెవలప్‌మెంటల్ పీడియాట్రిషన్ పని. ఒక్క పాపతో 15, 20 ఏళ్ళ ప్రయాణం అది.

మన దగ్గర 2013లో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో పిల్లల్లో వెతకాల్సిన 30 సమస్యల జాబితాలో మొదటిది న్యూరల్ ట్యూబ్ లోపాలే. దాని కింద జిల్లాల్లో డీఈఐసీ అని సెంటర్లు పెట్టారు. మీకు తెలిసిన పాప ఎవరైనా ఉంటే, మీ జిల్లాలో అది ఎక్కడుందో ఆశా కార్యకర్తని అడగండి.

ఇప్పుడు ఆ అక్క ప్రశ్నకి జవాబు. మూడో నెలలో మొదలుపెట్టిన మాత్ర రక్తానికి మంచిదే, కానీ వెన్ను గొట్టం గడువు 28 రోజులకే అయిపోయింది. మాత్ర మానడం వల్ల వచ్చింది కాదు. ముందే వాడినా అన్ని కేసులూ ఆగవు. ఆవిడ తప్పేమీ లేదు. పెళ్ళయ్యాక పిల్లల గురించి అనుకున్నప్పుడే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టమని ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. ముందు బిడ్డకి ఈ సమస్య ఉంటే డోసు దానికి 10 రెట్లు, అది డాక్టరే రాయాలి.

మీ ఇంట్లో కొత్తగా పెళ్ళైన అక్కో, చెల్లో, వదినో ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. ఉంటానండి.