గడిలో బస

తెలంగాణ పల్లెల్లో పెద్ద వయసువాళ్లను కదిపి గడి మాట ఎత్తితే, ముందుగా వచ్చేది చెప్పుల ముచ్చట. గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేత పట్టుకునేవాళ్లు. తలకు చుట్టిన రుమాలు తీసి భుజాన వేసుకునేవాళ్లు. ఆ గోడ దాటేదాకా గొంతు పెగిలేది కాదు. ఇది ఏ ఒక్క ఊరి సంగతో కాదు, నిజాం ఏలుబడిలో దొరలున్న ఊళ్లన్నిట్లోనూ విన్నదే. అట్లాంటి గడి దర్వాజ కింద నిలబడి ఇప్పుడు పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు. ఆ రోజులకూ ఈ రోజులకూ నడుమ ఏం జరిగిందో చూడాలంటే దోమకొండకు రావాలి.

కామారెడ్డిలో రైలు దిగినా, హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద బస్సు దిగినా, అక్కణ్నుంచి ఊరు దగ్గరే. రాజధానికి ఉత్తరాన దాదాపు 100 కిలోమీటర్లు. దారి పొడుగునా వరి, మక్క చేన్లు. ఊళ్లోకి వస్తే అరుగుల మీద చేటల్లో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు. దుబాయి, మస్కట్ నుంచి వచ్చిన పైసలతో లేచిన కొత్త స్లాబు ఇండ్లు. వాటి నడుమ, సుమారు 40 ఎకరాల చుట్టూ రాతి గోడ, గుండ్రటి బురుజులు. కాగితాల్లో దోమకొండ కోట అని రాస్తారు. కొందరు కిల్లా అంటారు. ఊరివాళ్ల నోట మాత్రం గడి.

కోటకూ గడికీ తేడా ఉంది. కోట యుద్ధం కోసం కట్టింది. గడి పాలన కోసం కట్టింది. దొర కాపురం, కచేరీ, శిస్తు లెక్కలు, ధాన్యం కొట్లు, గుర్రాల కొట్టం, గుడి అన్నీ ఒకే గోడ లోపల ఇమిడితే అది గడి. దోమకొండలో రెండూ కలిసే ఉన్నాయి. వెలుపల కందకం, బురుజులు చూస్తే కోట. తూర్పు, పడమర దర్వాజల్లో ఏదో ఒకటి దాటి లోపలికి పోతే ఇల్లు.

హైదరాబాద్ రాజ్యంలో నిజాముకు పేష్కష్, అంటే కప్పం, కట్టుకుంటూ తమ సీమను తామే ఏలుకున్న సంస్థానాలు 14 అని చరిత్రకారులు లెక్క చెప్తారు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, పాల్వంచ పేర్లు అందరికీ తెలుసు. ఆ వరుసలోనే దోమకొండ ఉంది. ఇరుగుపొరుగున సిర్నాపల్లి, పాపన్నపేట, దుబ్బాక కూడా ఉన్నాయి. దోమకొండను ఏలినవాళ్లు పాకనాటి రెడ్లలో కామినేని వారు. పక్కనున్న కామారెడ్డికి ఆ పేరు, 17వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఇక్కడ ఏలిన చిన్న కామిరెడ్డి వల్ల వచ్చిందని చెప్తారు. అంటే ఇవాళ జిల్లా కేంద్రమైన ఊరు ఒకప్పుడు ఈ గడి వంశపు దొర పేరు పెట్టుకున్నదే. 2016లో జిల్లా ఏర్పడ్డాక దోమకొండ మండలం ఆ ఊరు కేంద్రంగా ఉన్న జిల్లాలోకి వచ్చింది.

సాహిత్యం చదువుకున్నవాళ్లకు ఈ వంశం మరో దారిలో పరిచయం. షట్చక్రవర్తి చరిత్రము, శివధర్మోత్తరము రాసిన 16వ శతాబ్దపు కవి కామినేని మల్లారెడ్డి ఈ ఇంటివాడే. కావ్యాల్లో బిక్కనవోలుగా కనిపించే ఊరు పక్కనున్న భిక్కనూరే. గడి కట్టకముందే ఈ సీమలో ప్రబంధం పుట్టింది.

ఇప్పుడు కనిపించే భవనాలు చాలావరకు 18వ శతాబ్దం నాటివి. ఎవరి కాలంలో ఏ పద్ధతి గొప్పగా అనిపిస్తే దాన్ని ఇంటికి అతికించుకుంటూ పోయారు. లోగిలి దక్షిణాది తీరు. కమానుల అంచుల్లో పూరేకుల వంపులు మొగలాయి తీరు. సున్నంతో తీర్చిన గచ్చు పనితనంలో హైదరాబాద్ ఛాయ. దొరలు కొలువు తీరిన భవనాన్ని అద్దాల మేడ అంటారు. ఆవరణలోని మహదేవుని గుడి వీటన్నిటికంటే పాత పద్ధతిలో, కాకతీయుల శైలి స్తంభాలతో ఉంటుంది. పద్ధతులు ఇన్ని కలిసినా కంటికి ఎబ్బెట్టుగా ఉండదు. కట్టించినవాళ్ల మోజు మారినా, కట్టిన చేతులు ఈ ప్రాంతానివే, వాడిన రాయి, సున్నం ఈ నేలవే.

ఇక బస సంగతి. ఇవాళ పాత ఇంట్లో ఒక రాత్రి ఉండటమంటే ఫోన్లో గది చూసుకుని డబ్బు కట్టడమే. గడుల కాలంలో లెక్క వేరు. తాలూకా నుంచి అధికారి దౌరాకు వచ్చినా, దొర బంధువులు దిగినా, ఆ ఒక్క రాత్రికి ఊరంతా కదిలేది. కుమ్మరి కొత్త కుండలు తేవాలి. చాకలి నీళ్లు తోడి, పక్కలు పరిచి, దీపాలు పెట్టాలి. మంగలి ఒళ్లు పట్టాలి. గొల్లవాళ్లు మేకపోతును తోలుకురావాలి. బోయీలు పల్లకీ మోయాలి. దళితులు మూటలు నెత్తిన పెట్టుకుని పక్క ఊరిదాకా చేర్చి, అక్కడివాళ్లకు అప్పగించి రావాలి. వీటిలో దేనికీ కూలి లేదు. దాని పేరే వెట్టి. అతిథి మెచ్చుకుని పోయేది దొర మర్యాదను. ఆ మర్యాద బరువు మోసింది మాత్రం డజను ఇండ్లవాళ్లు.

వెట్టి కూడదని నిజాం 1923లోనే ఫర్మానా ఇచ్చాడు. అది గడి గోడ దాటి లోపలికి పోలేదు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ తర్వాత సభ వెంట సభలో వెట్టి మాట వస్తూనే ఉంది. 1940లలో అది తీర్మానాలు దాటి పోరాటమైంది. 1948 సెప్టెంబరులో నిజాం ఏలుబడిని ముగించిన పోలీసు చర్య, 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వెంటవెంటనే వచ్చాయి. గడులకు ఆదాయం పోయింది, అధికారం పోయింది. మిగిలింది ఇల్లు ఒక్కటే. అంత పెద్ద ఇంటికి ఏటా సున్నం కొట్టించి, మిద్దెలు మరమ్మతు చేయించే స్తోమత వెట్టి లేకపోయేసరికి చాలామందికి లేకపోయింది.

ఆ తర్వాత తెలంగాణ గడులు తలా ఒక దారి పట్టాయి. వనపర్తి రాజభవనం 1959లో పాలిటెక్నిక్ అయింది. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ నడిచింది. కొన్నింట్లో పోలీసు స్టేషన్లు, బడులు వెలిశాయి. 1970లలో జగిత్యాల, సిరిసిల్ల వైపు రైతుకూలీలు లేచాక ఊళ్లొదిలి పట్నం చేరిన దొరలు గడులకు తాళాలు వేశారు. తాళం పడ్డ ఇల్లు ఎన్నాళ్లు నిలుస్తుంది? టేకు దూలాలు ఒక రాత్రి మాయం, గుమ్మాలు ఇంకో రాత్రి. గుప్తనిధులున్నాయని నేలమాళిగలు తవ్వినవాళ్లూ ఉన్నారు. అన్నిటికంటే పెద్ద శత్రువు రావి మొక్క. పిట్ట వేసిన గింజ మిద్దె పగుల్లో మొలుస్తుంది, వేరు గోడలోకి దిగి రాయిని రాయినీ విడదీస్తుంది.

దోమకొండ గడికీ ఆ పాడుపడ్డ దశ తప్పలేదు. దాన్ని తిరిగి నిలబెట్టిన పని ప్రభుత్వానిది కాదు, ఇంటివాళ్లదే. ఈ వంశంలో పుట్టి ఐఏఎస్ అధికారిగా, తిరుమల తిరుపతి దేవస్థానాల కార్యనిర్వహణాధికారిగా పనిచేసిన కామినేని ఉమాపతిరావు కుటుంబం దాన్ని తలకెత్తుకుంది. 2020 మేలో ఆయన హైదరాబాద్‌లో కన్నుమూస్తే అంత్యక్రియలు దోమకొండలోనే జరిగాయి. సినిమా చూసే జనానికి ఆయన రామ్‌చరణ్ భార్య ఉపాసన తాతగా తెలుసు. 2012లో వాళ్ల పెళ్లి వేడుకల్లో కొంత ఈ గడిలో జరగడంతో దోమకొండ పేరు టీవీల్లో మోగింది. కానీ అసలు పని కెమెరాలు లేనప్పుడు, ఏళ్ల తరబడి, వాస్తుశిల్పి అనురాధా నాయక్ చూపిన దారిలో సాగింది.

ఆ పని ఎట్లాంటిదో తెలియాలంటే సున్నం దగ్గర కాసేపు ఆగాలి.

పాత గోడకు సిమెంటు పూస్తే చూడటానికి గట్టిగా ఉంటుంది. నిజానికి అది గోడ నోరు మూసేస్తుంది. రాతి గోడ నేలలోంచి తేమ పీలుస్తుంది, ఎండకు వదుల్తుంది. సిమెంటు ఆ తేమను లోపలే బంధిస్తుంది. రెండు మూడు వానాకాలాలు పోయేసరికి పెచ్చులు లేస్తాయి, వాటితో పాటు పాత గచ్చు కూడా ఊడివస్తుంది. అందుకే పాత ఇంటికి మళ్లీ డంగు సున్నమే కావాలి. సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడికి కాలుస్తారు. కాలిన రాయి మీద నీళ్లు పోస్తే బుసబుస పొంగి పిండి అవుతుంది. దాన్ని నీళ్లలో ముంచి రోజుల తరబడి మాగబెడతారు. ఆ తర్వాత ఇసుకతో కలిపి గానుగలో తిప్పుతారు. నేలలో గుండ్రంగా కట్టిన రాతి కాలువ, అందులో నిలువుగా దొర్లే రాతి చక్రం, దాని కాడిని లాగే ఎడ్లు. ఇప్పుడు ఎడ్లకు బదులు మోటారు గానుగలూ వచ్చాయి. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలనంత మెత్తగా, వెన్నలా రావాలి. అందులో కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతారు. నునుపు గచ్చుకైతే కోడిగుడ్డు తెల్లసొన పడేది. బెల్లానికి పేరుపడ్డ కామారెడ్డి పక్కనే ఉండగా ఈ ఊరికి అదొక లోటు కాదు.

పూసిన సున్నం ఒక్కరోజులో గట్టిపడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొద్దికొద్దిగా తీసుకుంటూ, నెలలకు, ఏళ్లకు, మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. తొందరున్న కాంట్రాక్టరుకు ఈ పని సరిపడదు. పని తెలిసిన మేస్త్రీలూ తక్కువ. సిమెంటు వచ్చిన రెండు తరాల్లో గానుగ తొక్కడం, కమాను తిప్పడం, గచ్చు మెరుగు పెట్టడం మరిచిపోయిన చేతులే ఎక్కువ. దోమకొండ పనిలో చుట్టుపక్కల మనుషులే మళ్లీ ఆ చేతివాటం పట్టుకోవలసి వచ్చింది. వాళ్లలో కొందరి తాతలు ఇదే గోడకు రాళ్లు మోసి ఉండొచ్చు. అప్పుడు కూలి లేదు, ఇప్పుడు ఉంది.

2022 నవంబరులో యునెస్కో ఆసియా పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారాలు ప్రకటించినప్పుడు, ఆరు దేశాల్లోని 13 కట్టడాల్లో దోమకొండ ఒకటి. దక్కింది 'అవార్డ్ ఆఫ్ మెరిట్'. ముంబైలోని బైకులా రైల్వే స్టేషనుకూ ఆ ఏడాది అదే వచ్చింది. గోల్కొండలో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరి మెట్లబావులకు అంతకంటే పై మెట్టు, 'డిస్టింక్షన్' వచ్చింది. పట్నంలోని కట్టడాల వెనుక పెద్ద సంస్థలుంటాయి. ఒక పల్లెలో, సొంత ఆస్తిగా ఉన్న గడి ఆ వరుసలో నిలవడం, దాన్ని ఊరి జనానికి ఉపయోగపడేలా మలచడం పురస్కార కమిటీ కంటికి ఆనింది.

తెలంగాణలో ఇట్లాంటి ఇండ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. దేశంలో వేరేచోట్ల వీటిని అతిథి గృహాలుగా మార్చి నిలబెట్టుకున్నారు. రాజస్థాన్‌లోని నీమ్రానా కోటను ఫ్రాన్సిస్ వాచియార్గ్, అమన్‌నాథ్ 1986లో కొన్నప్పుడు అది శిథిలం. 1991లో హోటలుగా తలుపులు తెరిచింది. తమిళనాడు చెట్టినాడులో నగరత్తారుల మేడలు కొన్ని అదే దారిలో బతికాయి. కేంద్ర పర్యాటక శాఖ 1950కి ముందు కట్టిన ఇండ్లను హెరిటేజ్ హోటళ్లుగా మూడు తరగతుల్లో గుర్తించింది. మామూలు తరగతి 'హెరిటేజ్', ఇంకా పాత ఇండ్లకు 'క్లాసిక్', 'గ్రాండ్'. వయసు ఒక్కటే చూస్తే మన గడుల్లో చాలా వాటికి 'గ్రాండ్' హోదా రావాలి.

వయసుతోనే పని జరగదు మరి. మూడడుగుల మందం గోడలో నీళ్ల పైపు ఎక్కడ దించాలి? గచ్చు పగలకుండా కరెంటు తీగ ఎట్లా లాగాలి? లోగిలి గాలితో చల్లగా ఉండే గదికి ఏసీ పెడితే తేమ ఎటు పోవాలి? ఇవన్నీ పాత ఇంటిని బసగా మార్చేవాళ్లు తేల్చుకోవలసిన లెక్కలు. ఊరికి ఇంకో లెక్క ఉంది. అతిథి పళ్లెంలో పట్నం హోటలు పనీరే వస్తుందా, మక్క గట్క, జొన్న రొట్టె, పచ్చిపులుసు వస్తాయా? వండేది ఎవరు? రోజంతా వెయ్యి బీడీలు చుట్టే ఆడమనిషికి అంతకంటే మెరుగైన కూలి ఆ వంటింట్లో దొరుకుతుందా? దౌరా కాలంలో అతిథి రాత్రికి ఊరు ధర చెల్లించింది. ఇప్పుడు అతిథి ధర ఊరికి చేరాలంటే ఆ లెక్క ముందే రాసుకోవాలి.

దోమకొండ గడిలో ఊరు నిద్ర లేకుండా గడిపే రాత్రి ఒకటి ఏటా వస్తుంది. శివరాత్రి. పొద్దుగూకేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోలు, బండ్లు దిగుతాయి. ఒక్కపొద్దు ఉన్న ఆడవాళ్లు కందగడ్డలు, పండ్లు సంచుల్లో పెట్టుకుని దర్వాజ దాటి మహదేవుని గుడి వైపు నడుస్తారు. పిల్లలు బురుజుల కింద ఉరుకులాడతారు. జాగారం చేసే ముసలివాళ్లు గోడ వారగా చెద్దరు పరుచుకుని, భజన వింటూ, కునుకు వస్తే ఒకరినొకరు తట్టి లేపుకుంటారు. చెప్పులు విడిచేది గుడి మెట్ల దగ్గరే.