‘ది అంగ్రేజ్’: చార్మినార్ దగ్గరి తగాదా

‘ది అంగ్రేజ్’ 2005 నాటి హాస్య చిత్రం. హైదరాబాద్ పాతబస్తీ మాటతీరే దీనికి ప్రాణం. కుంట నిఖిల్ దర్శకత్వం వహించి, ఒక ప్రధాన పాత్రలో నటించారు కూడా. గణేష్ వెంకట్రామన్, ధీర్ చరణ్ శ్రీవాస్తవ్, మస్త్ అలీ, అజీజ్ నాసర్ మిగతా ముఖ్య నటులు. సంభాషణలు చాలావరకు దక్కనీ ఉర్దూలో, కొంత ఇంగ్లిషులో సాగుతాయి.

కథంతా చార్మినార్ దగ్గర జరిగే ఒక చిన్న ఘట్టం మీద నిలబడింది. అమెరికా నుంచి వచ్చిన ప్రణయ్, రోచక్ ఊరు చూడ్డానికి అక్కడికి వెళ్తారు. ఆ చోటు ఇస్మాయిల్ భాయ్ అడ్డా. సలీం ఫేకు, జహంగీర్, గఫూర్, చావుస్ అతని జమాతు. పనీపాటా లేదు, కబుర్లే దినచర్య. మాటా మాటా పెరిగి తగాదా అవుతుంది, కుర్రాళ్లు తప్పించుకుపోతారు. ఏ గల్లీలోనైనా సాయంత్రానికి మరిచిపోయే గొడవే. కానీ సొంత అడ్డాలో, సొంత మనుషుల ముందు పరువు పోయిందన్న బాధ ఇస్మాయిల్ భాయ్‌ని నిలవనివ్వదు. బదులు తీర్చుకోవాలనే అతని పట్టుదలే సినిమాను నడిపిస్తుంది.

ఇప్పుడు మళ్లీ చూసినా ఈ ఘట్టం కొత్తగానే ఉంటుంది. కారణం నటుల ముఖాలు. సలీం ఫేకుగా మస్త్ అలీ కోతలు కోస్తుంటే, అవి కోతలని జమాతులో అందరికీ తెలుసు, అయినా వింటారు. ఎవరూ నవ్వించడానికి పాటుపడరు. ధీర్ చరణ్ శ్రీవాస్తవ్ ఇస్మాయిల్ భాయ్‌ని కొంటెవాడిగా కాక, మర్యాద కోసం తాపత్రయపడే మనిషిగా నిలబెట్టారు. అందుకే అతను ఓడిపోయినప్పుడు నవ్వుతో పాటు జాలి కూడా కలుగుతుంది. చావుస్ పాత్రకు పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో చేరడానికి వచ్చి బార్కస్ ప్రాంతంలో స్థిరపడిన అరబ్బు కుటుంబాలను ఆ పేరు గుర్తుచేస్తుంది.

బదులు తీర్చుకోవడానికి జమాతు హైటెక్ సిటీలో ఆ కుర్రాళ్లు పనిచేసే ఆఫీసు దాకా వెళ్తుంది. సెక్యూరిటీ గార్డులు బయటికి సాగనంపుతారు. సినిమాలో అసలు విషయం ఇక్కడే ఉంది. చార్మినార్ కట్టింది 1591లో. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. సినిమా వచ్చేనాటికి, ఆ ఏడేళ్లలోనే ఒక నగరంలో రెండు నగరాలు ఏర్పడ్డాయి. తన ఊళ్లోనే తనకు ప్రవేశం లేని గేటు ముందు ఇస్మాయిల్ భాయ్ నిలబడ్డాడు.

ఈ హాస్యం 2005లో పుట్టింది కాదు. 1960ల నుంచే జిందా దిలాన్-ఎ-హైదరాబాద్ సంస్థ హాస్య ముషాయిరాలు (కవి సమ్మేళనాలు) పెడుతోంది. సులైమాన్ ఖతీబ్ వంటి కవులు దక్కనీలోనే ఇంటి పోరు, పేదరికం, పెళ్లి ఖర్చులు కవిత్వంగా మలిచారు. అలాంటి సభల్లో కవితను రాగం తీసి చదివే పద్ధతీ ఉంది; నవ్వు పాటలా సాగుతుంది. 1965లో బబ్బన్ ఖాన్ ‘అద్రక్ కే పంజే’ నాటకం మొదలుపెట్టారు. బోలెడు పిల్లలతో, అప్పులవాళ్లతో సతమతమయ్యే చిరుద్యోగి కథ అది. కుటుంబ నియంత్రణ సందేశాన్ని నవ్వుల్లో చెప్పిన ఆ నాటకం దశాబ్దాల పాటు దేశవిదేశాల్లో ఆడింది. అదే ఏడాది హిందీ సినిమా ‘గుమ్‌నామ్’లో మెహమూద్ హైదరాబాదీ యాసతో నవ్వించారు. అక్కడ ఆ యాస ఒక పక్క పాత్రది. ‘ది అంగ్రేజ్’లో అది అసలు కథదే అయింది. హౌ (అవును), నక్కో (వద్దు), కైకు (ఎందుకు) వంటి మాటలు ఎవరినీ వెక్కిరించడానికి వాడినవి కావు. పాతబస్తీవాళ్లు ఇంట్లో మాట్లాడుకునేవే.

లోపాలు లేవని కాదు. ఆడవాళ్ల పాత్రలు అంతంత మాత్రం, ప్రేమకథలు తేలిపోయాయి. మామా అనే రౌడీ ముఠా ఒకరికి బదులు మరొకరిని ఎత్తుకుపోయే కిడ్నాప్ కథ చివర్లో సాగదీసినట్టుంది. అయినా దక్కనీ చిత్రాలకు దారి పడింది. 2006లో ‘హైదరాబాద్ నవాబ్స్’ వచ్చింది, 2015లో ‘ది అంగ్రేజ్ 2’ విడుదలైంది.

బబ్బన్ ఖాన్ 2020లో కన్నుమూశారు. దక్కనీ వేదికలను, సినిమాలను నడిపించినవారిలో ఇంకా మనతో ఉన్నవారి గొంతులను, అనుభవాలను రికార్డు చేసి భద్రపరిచే పనిని నగరంలోని విశ్వవిద్యాలయాలు ఇప్పుడే చేపట్టాలి.