అద్దె కట్టే మాంత్రికుడు

'పాతాళభైరవి' (1951)లో ఎస్వీ రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడు నెలాఖరుకి ఇంటద్దె ఎలా కడతాడన్న అనుమానం మనకెవరికీ రాలేదు. జానపద మాంత్రికుడికి ఊరవతల గుహ ఉంటుంది, ఇంటి ఓనరు ఉండడు. అలాంటివాణ్ణి ఊళ్లోకి తెచ్చి, ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, చేతిలో బిల్లులు పెట్టడానికి అమెరికన్ రచయితలకు, 1939 నుంచి లెక్కేస్తే, అరవై ఏళ్లు పట్టింది. అర్బన్ ఫాంటసీ నవలల్లో నాకు రుచించేది ఆ బిల్లులే.

1939లో జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్ 'అన్‌నోన్' అనే పత్రిక మొదలుపెట్టాడు. ఆయన అసలు సైన్స్ ఫిక్షన్ సంపాదకుడు. మంత్రానికైనా లెక్కాజమా ఉండాలన్న పట్టుదల ఆ పత్రిక కథల్లో కనిపిస్తుంది. 1940లో అందులో వచ్చిన రాబర్ట్ హైన్‌లైన్ నవలిక 'మ్యాజిక్, ఇంక్.' పేరుతో తర్వాత ప్రసిద్ధమైంది. కథానాయకుడు ఇళ్లు కట్టే సామాను అమ్ముకునే వ్యాపారి. మంత్రవిద్య అక్కడ మామూలు వృత్తి. దానికి లైసెన్సులూ ఉంటాయి, మామూళ్లు దండుకునే రౌడీలూ ఉంటారు. 1943లో ఫ్రిట్జ్ లైబర్ 'కాంజ్యూర్ వైఫ్' వచ్చింది. ఒక ప్రొఫెసరు తన భార్య వస్తువులు వెతుకుతుంటే శ్మశానం మట్టి పొట్లాలు బయటపడతాయి. హేతువాది కదా, మొత్తం తగలబెట్టిస్తాడు. ఆ రాత్రి నుంచే కాలేజీలో ఆయనకు శని పడుతుంది. రావలసిన శాఖాధిపతి పదవి ఇంకొకరికి పోతుంది. స్టాఫ్‌రూమ్ రాజకీయాల మీద ఇంతకన్నా భయపెట్టే నవల నేను చదవలేదు. ఆ ఏడే యుద్ధకాలపు కాగితం కొరతతో పత్రిక మూతపడింది.

ఆ తర్వాత టోల్కీన్ ప్రభావంతో ఫాంటసీ చాలావరకు వేరే లోకాలకు తరలిపోయింది. మళ్లీ నగరాలు గట్టిగా కనిపించేది 1980ల్లో: చార్లెస్ డి లింట్ అట్టావా, ఎమ్మా బుల్ మిన్నియాపోలిస్. కానీ వాళ్ల మోజు మాంత్రికుల మీదకన్నా యక్షిణీ లోకాల మీద. 1993లో లారెల్ హామిల్టన్ నాయిక అనితా బ్లేక్ సెయింట్ లూయిస్‌లో శవాలను లేపడమే ఉద్యోగంగా చేస్తూ దిగింది. డిటెక్టివ్ నవల గొంతు అక్కడ దొరికింది.

జిమ్ బుచర్ ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో డెబొరా చెస్టర్ దగ్గర రచన నేర్చుకున్నాడు. ఆవిడ సూత్రాలన్నీ తుచ తప్పకుండా పాటిస్తే ఎంత నాసిరకం నవల వస్తుందో చూపించాలని పంతానికి పోయి రాశానని ఆయనే చెప్పుకున్నాడు. కథను ముందు మిస్సోరీలోని కాన్సాస్ సిటీలో పెట్టాడు. ఆ రాష్ట్రంలో హామిల్టన్ అప్పటికే పాతుకుపోయిందని టీచరమ్మ వద్దంటే, తనకు పరిచయం లేని షికాగోకి మార్చాడు. 2000లో 'స్టార్మ్ ఫ్రంట్' అచ్చయింది.

అందులో నాయకుడైన హ్యారీ డ్రెస్డెన్ పేరు టెలిఫోన్ డైరెక్టరీలో మాంత్రికుల శీర్షిక కింద ఉంటుంది. నవల మొదట్లోనే కొత్త పోస్ట్‌మ్యాన్ తలుపు మీది బోర్డు చూసి వెక్కిరిస్తాడు. అద్దె బాకీ. పోలీసులు పిలిచి ఫీజిస్తే గడుస్తుంది. అతని మంత్రశక్తి సోకితే యంత్రాలు చెడిపోతాయి కాబట్టి సెల్లార్ ఇంట్లో కొవ్వొత్తులు, కట్టెల పొయ్యి, గీజరు లేని చన్నీళ్ల స్నానం. కారు పాత ఫోక్స్‌వ్యాగన్. శక్తిమంతుడికి వేణ్ణీళ్లు లేవన్న ఆ ఒక్క ఏర్పాటుతో బుచర్ పాఠకుణ్ణి కట్టిపడేశాడు.

అదే సిరీస్‌లోని 'డెడ్ బీట్' (2005)లో ఈ పద్ధతి పతాకస్థాయికి చేరింది. మనుషుల శవాలను లేపడం మాంత్రికుల చట్టం ప్రకారం నేరం. జంతువుల సంగతి చట్టంలో లేదు. డ్రెస్డెన్ ఫీల్డ్ మ్యూజియంలో ఉన్న 'సూ' అనే టైరనోసారస్ అస్థిపంజరాన్ని లేపి, దాని మీదెక్కి షికాగో వీధుల్లోకి వస్తాడు. లేచిన శవాన్ని అదుపులో ఉంచడానికి ఆగకుండా దరువు వినిపించాలి. అందుకు వెనకాల ఒక పోస్ట్‌మార్టం డాక్టరు డోలు వాయిస్తుంటాడు. వర్ణిస్తే పిచ్చిగా ఉంటుంది, చదువుతుంటే ఊపిరాడదు. ఈ నవలల ఆధారంగా 2007లో వచ్చిన టీవీ సీరియల్ మాత్రం 12 ఎపిసోడ్లతో ఆగిపోయింది.

(చదవనివాళ్లు ఈ పేరా వదిలేయండి.) 'చేంజెస్' (2010)లో బుచర్ ఆఫీసు పేల్చేశాడు, ఇల్లు తగలబెట్టాడు, కారు తుక్కు చేశాడు. డ్రెస్డెన్ ఆ తర్వాత రాజ్యాల మధ్య యుద్ధాలు చేసే యోధుడయ్యాడు. యుద్ధాలు బాగానే ఉంటాయి గానీ అద్దె దిగులు పోయాక సగం రుచి పోయిందని నా ఫిర్యాదు.

సరిగ్గా మరుసటి ఏడే లండన్‌లో ఇంకొకడు డ్యూటీ ఎక్కాడు. 'డాక్టర్ హూ'కి స్క్రిప్టులు రాసి, పుస్తకాల షాపులో పనిచేసిన బెన్ ఆరనోవిచ్ 2011లో 'రివర్స్ ఆఫ్ లండన్' తెచ్చాడు. పీటర్ గ్రాంట్ మెట్రోపాలిటన్ పోలీసు కానిస్టేబుల్. జీతం, యూనిఫాం, నింపాల్సిన ఫారాలు అన్నీ ఉన్నాయి. మంత్రవిద్యను శాస్త్రంగా క్రోడీకరించింది న్యూటనట. మంత్రం వేస్తే ఇక్కడా ఫోన్లు పాడవుతాయి. అయితే గ్రాంట్ పాడైన ఫోన్ విప్పి చూస్తాడు. చిప్పులు ఇసుకలా రాలతాయి. ఎంత దూరంలో ఎంత నష్టమో పరీక్షలు చేస్తాడు, కరెంటు తెగితే చిప్పు బతుకుతుందని తేల్చి ఫోన్‌కి స్విచ్ పెట్టించుకుంటాడు. క్యాంప్‌బెల్ అచ్చేసి ఉండేవాడు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను లండన్ కానిస్టేబుల్‌నే ముందు చేతికిస్తాను. షికాగో ఆయన దగ్గరికి తర్వాత వెళ్లండి; అయితే మూడో నవల 'గ్రేవ్ పెరిల్' దాకా కాస్త ఓపిక పట్టాలి.