గుడిసె మ్యూజియంలోకి నడిచొచ్చిన దారి

భద్రాచలం వెళ్ళినవాళ్ళలో పర్ణశాల చూడకుండా తిరిగొచ్చేవాళ్ళు తక్కువ. గోదావరి స్నానం, రాముడి దర్శనం అయ్యాక ఆటో మాట్లాడుకుని దుమ్ముగూడెం దారిలో ముప్పై అయిదు కిలోమీటర్లు పోతే అక్కడొక కుటీరం, చుట్టూ రంగులేసిన సీతారామలక్ష్మణుల బొమ్మలు, బంగారు లేడి, సన్యాసి వేషంలో రావణుడు. వాగు ఒడ్డున రాళ్ళ మీది చారలు చూపించి, సీతమ్మ నారచీర ఆరేసుకున్నది ఇక్కడే అంటారు. పిల్లలు లేడి పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు, పెద్దలు కుటీరానికి దణ్ణం పెడతారు. పాతకాలాన్ని గాజుపెట్టెలో పెట్టకుండా ఇల్లూ వాకిలీతో సహా ఆరుబయట నిలబెట్టి చూపించే పని ఈ అడవి అంచున మ్యూజియమనే పేరేమీ లేకుండానే సాగుతోందన్నమాట.

పేరు పెట్టుకుని అదే పని చేస్తున్నది భద్రాచలం పట్టణంలోనే ఉంది. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, అదే మనమంతా ఐటీడీఏ అనే ఆఫీసు ఆవరణలోని గిరిజన మ్యూజియం. 2025లో దానికి కొత్త రూపు వచ్చింది. గదుల్లో నగలు, డోళ్ళు, వేట సామగ్రి, సేద్యపు పనిముట్లు ఉంటే, బయట కోయల, కొండరెడ్ల తీరులో కట్టిన ఇళ్ళు ఉన్నాయి. మా ఇంటిల్లిపాదీ వెళ్ళాం. పిల్లలు విల్లంబుల దగ్గర ఆగిపోయారు. మా అమ్మ వైరా పక్క పల్లెలో తాటాకింట్లో పెరిగిన మనిషి. ఆమె నేరుగా ఒక ఇంటి చూరు కిందికి పోయి, వాసాలను వేళ్ళతో తట్టి చూసి, ఒకటే అడిగింది: "దీన్ని ఏటేటా ఎవరు కప్పుతారురా?"

ఇలాంటి మ్యూజియాల పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ పోతే, నూట ముప్పై ఏళ్ళుగా వాటిని నడిపేవాళ్ళను తిప్పలు పెడుతున్న చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉందని తెలుస్తుంది.

కథ మొదలైంది స్వీడన్‌లో. ఆర్టూర్ హజేలియస్ అని ఒక భాషా పండితుడు 1870లలో పల్లెలు తిరుగుతూ, రైళ్ళూ ఫ్యాక్టరీలూ వచ్చి రైతుల పాత బట్టలు, పెట్టెలు, పనిముట్లు కళ్ళముందే మాయమైపోవడం చూశాడు. పోగు చేయడం మొదలుపెట్టాడు. 1873లో స్టాక్‌హోమ్‌లో వాటిని ప్రదర్శనకు పెట్టాడు. 1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనకు తీసుకెళ్ళి, మనుషులంత బొమ్మలకు ఆ బట్టలు తొడిగి, పల్లె ఇంటి లోపలి దృశ్యాల్లా అమర్చాడు. జనం మూగారు. మన దసరా బొమ్మల కొలువులో పల్లెటూరు పెట్టినట్టే, కాకపోతే నిలువెత్తున. కానీ ఆయనకు తృప్తి కలగలేదు. ఇంట్లో వాడిన వస్తువును ఇంట్లోనే చూపించాలనుకుంటే అసలు ఇల్లే తెచ్చేస్తే పోలేదా? 1885లో మోరా అనే చోటి నుంచి ఒక రైతు ఇంటిని కొన్నాడు. 1891 అక్టోబర్ 11న స్టాక్‌హోమ్‌లో ఒక గుట్ట మీద స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియాన్ని తెరిచాడు. ఇలాంటి మ్యూజియాలన్నిటికీ తాత అదే. (ఆ తేదీ మనవాళ్ళకు ఇంకో రకంగా గుర్తుండాలి. సరిగ్గా 125 ఏళ్ళ తర్వాత, 2016 అక్టోబర్ 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పుట్టింది.)

హజేలియస్ ఇళ్ళు తెచ్చి ఊరుకోలేదు. వాటిలో మనుషుల్ని పెట్టాడు. పాతకాలపు బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళు వడుకుతుంటారు, ఫిడేలు వాయించేవాళ్ళు వాయిస్తుంటారు, పండగ రోజున మంటలు వేసి ఆడతారు. కుటుంబాలు కుటుంబాలుగా జనం రావడానికి కారణం అదే. అయితే ఇందులోనే ఒక ముల్లు కూడా ఉంది. ఉత్తరాది మంచు అడవుల్లో రెయిన్‌డీర్ల మందలతో బతికే సామీ తెగవాళ్ళను కూడా స్కాన్సెన్ గుట్ట మీద గుడారాల్లో కాపురం పెట్టించారు. అదే కాలంలో జర్మనీలో హాగెన్‌బెక్ అనే జంతువుల వ్యాపారి ఆ సామీలనే తెచ్చి, జంతుప్రదర్శనశాలలో జంతువుల్ని చూపినట్టు టికెట్టు పెట్టి చూపించాడు. ఒకరిది ప్రేమ, ఇంకొకరిది వ్యాపారం కావచ్చు. చూడబడే మనిషి వైపు నుంచి చూస్తే ఆ తేడా ఎంతో చెప్పడం కష్టం. గిరిజన జీవితాన్ని ప్రదర్శించే ఏ మ్యూజియమైనా ఈ ముల్లును చూసుకుని అడుగేయాలి.

అమెరికాకు పోయేసరికి ఇది పెద్ద ధనవంతుల ముచ్చటైంది. కార్ల హెన్రీ ఫోర్డు 1929లో తన ఊరి దగ్గర ఒక గ్రామమే తయారుచేసి, ఎడిసన్ ప్రయోగశాలను అందులో నిలబెట్టాడు. రాక్‌ఫెల్లర్ డబ్బుతో విలియమ్స్‌బర్గ్ అనే పట్టణాన్ని పద్దెనిమిదో శతాబ్దపు రూపానికి తిప్పేశారు. మన అమెరికా తెలుగువాళ్ళు సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్ళి, కమ్మరి కొలిమి దగ్గర ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేది ఎక్కువగా ఇలాంటి చోట్ల నుంచే.

మన దేశానికి ఈ ఆలోచన ఢిల్లీ మీదుగా దిగింది. 1972లో జరిగిన పెద్ద ప్రదర్శన కోసం కట్టిన పల్లె ఇళ్ళు తర్వాత చేతివృత్తుల మ్యూజియంలో భాగమయ్యాయి. 1977లో పెట్టిన మానవ సంగ్రహాలయం ఆ తర్వాత భోపాల్‌కు మారి, రెండు వందల ఎకరాల గుట్ట మీద దేశంలోని తెగల ఇళ్ళను నిలబెట్టింది. హైదరాబాద్‌కు 1992లో శిల్పారామం వచ్చింది. 1996లో చెన్నై పక్కన దక్షిణచిత్ర తెరిచారు. మన చేనేతవాళ్ళ ఇల్లు, ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు అక్కడున్నాయి. అరకు గిరిజన మ్యూజియం కూడా ఆ ఏటిదే. భద్రాచలం ఈ వరుసలో ఆలస్యంగా వచ్చిన చుట్టం.

ఇక మా అమ్మ ప్రశ్న. హజేలియస్ తెచ్చిన ఇల్లు చెక్క దుంగలది. దుంగల్ని ఒకదానికొకటి కోతపెట్టి పేర్చిన ఇల్లు. దుంగకో అంకె వేసి విప్పి, బండెక్కించి, ఇంకోచోట అదే వరుసలో పేర్చుకోవచ్చు. చలిదేశంలో అది వందల ఏళ్ళు నిలబడుతుంది. మన గోదావరి అడవిలో ఇల్లు అట్లా కట్టరు. గుంజలు పాతి, వెదురు చీల్చి దడి అల్లి, మట్టి మెత్తి, పైన వాసాలు పరిచి, నారతో కట్టి, గడ్డో తాటాకో కప్పుతారు. దాన్ని విప్పి తెస్తే చేతికి వచ్చేది చితుకులూ మట్టిపెళ్ళలూ. పైగా ఇక్కడి వానకీ చెదలకీ ఆ ఇల్లు లొంగిపోవాల్సిందే. తొలకరికి ముందు కప్పు సరిచేసుకోవాలి, పండగకు గోడలు అలుక్కోవాలి, కొన్నేళ్ళకోసారి మళ్ళీ కట్టుకోవాలి. అంటే స్వీడన్‌లో ఇంటిని దాచుకోవచ్చు. ఇక్కడ దాచుకోగలిగింది ఇల్లు కట్టే చేతిని మాత్రమే. వెదురు ఏ కాలంలో నరకాలి, ఏ వయసు బొంగు దడికి పనికొస్తుంది, చూరు ఎంత దిగితే జల్లు లోపలికి కొట్టదు, ఈ లెక్కలు తెలిసిన మనిషి లేకపోతే మ్యూజియంలో గుడిసె రెండు మూడు వానాకాలాల ముచ్చట.

ఆ మనుషుల గురించి మొదట కుదురుగా రాసినాయన కూడా యూరప్ నుంచి వచ్చినవాడే. ఆదిలాబాద్ మార్లవాయి వల్ల మనకు బాగా తెలిసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే, జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందుకు ఆయనను హైదరాబాద్ సంస్థానం దాటిపోనీయలేదు. నిజాం సర్కారు అడవుల్లో తిరగడానికి ఒప్పుకుంది. చెంచుల తర్వాత ఆయన గోదావరి పట్టుకుని పాపికొండల వైపు నడిచాడు. కొండరెడ్ల మధ్య ఉండి రాసిన పుస్తకం 1945లో లండన్‌లో అచ్చయింది. పోడు, పండగలు, పెళ్ళిళ్ళతో పాటు వెదురు, కలప కాంట్రాక్టర్ల కింద ఆ జనం ఎట్లా నలిగారో కూడా ఆయన దాచకుండా రాశాడు. ఆయన తీసిన ఫొటోలు లండన్ విశ్వవిద్యాలయపు ఒక కాలేజీ భద్రపరిచింది. భద్రాచలంలో మన పిల్లలు చూసే గుడిసెకు తాతల రూపం అక్కడుంది.

ఆ రోజుల్లో గోదావరికి ఒక గట్టు నిజాముది, రెండో గట్టు మద్రాసు ప్రెసిడెన్సీది. కొండరెడ్డి రెండు గట్లా ఉన్నాడు. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్ నుంచి విడిపోయింది. తూర్పు గోదావరిలో ఉన్న భద్రాచలం 1959లో వచ్చి ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఏడు మండలాల ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో, పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రలో. ఈ అడవి మీద ఇన్ని గీతలు గీసినా వాటిలో ఒక్కటీ అడవిలో ఉండేవాళ్ళను అడిగి గీసింది కాదు. పోలవరం నీరు ఎక్కే మేర పాపికొండల ఊళ్ళవాళ్ళు పునరావాస కాలనీల శ్లాబు ఇళ్ళకు పోతున్నారు. శ్లాబు ఇంటికి తొలకరి ముందు కప్పు మార్చే పనిలేదు. సుఖమే. కానీ తండ్రి కప్పుతుంటే కింద నిలబడి గడ్డికట్ట అందించిన పిల్లవాడు నేర్చుకునే విద్య ఒక్క తరంలో ఆగిపోతుంది.

అదే అడవిలో ఇంకో దృశ్యం ఉంది. 2005 తర్వాత మావోయిస్టులకు ఎదురుగా లేపిన సల్వా జుడుం గొడవలకు తట్టుకోలేక ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయల ఆవాసాల్లో దడి ఇళ్ళు ఇప్పటికీ లేస్తూనే ఉన్నాయి. మ్యూజియం ఆవరణలో ఆ ఇంటిని వారసత్వం అంటాం. అడవిలో లేస్తే ఆక్రమణ అంటాం. కట్టిన పద్ధతి ఒకటే, వెదురు ఒకటే. మ్యూజియానికి పోయినప్పుడు పిల్లలకు ఈ మాట కూడా చెప్పాలని నా అభిప్రాయం. వాళ్ళు మనకంటే తొందరగా అర్థం చేసుకుంటారు.

మనుషుల్ని పెట్టి చూపించడంలోని ముల్లు గురించి పైన అన్నాను. దానికి విరుగుడు కూడా కోయల దగ్గరే ఉంది. వాళ్ళకు తమ చరిత్రను తామే చెప్పుకునే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. డోలి కోయలని కథకులుంటారు. పడిగె అనే బొమ్మల గుడ్డ విప్పి, డోలు కొడుతూ ఇలవేల్పుల కథలు, వంశాల కథలు పాడతారు. గుడ్డ మీద బొమ్మ, నోట్లో కథ, ఎదురుగా ఆ కథ ఎవరిదో ఆ కుటుంబం. జీవించే మ్యూజియం అని ప్రపంచం కొత్తగా పేరు పెట్టినది అచ్చం ఇదే. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య అలాంటి డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథ పాడిన గొంతు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. ఆయన తర్వాత ఆ కథలు పూర్తిగా పాడగలిగేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి. గోడకు తగిలించిన డోలుకు పక్కన చీటీ రాసి పెట్టవచ్చు. అది పాడదు.

భద్రాచలం మ్యూజియానికి స్కాన్సెన్‌కు లేని ఒక సౌకర్యం ఉంది. గిరిజన దర్బార్ జరిగే సోమవారం నాడు అదే ఐటీడీఏకు అడవి ఊళ్ళ నుంచి జనం వస్తారు. పోడు పట్టా రాలేదని, బోరు కావాలని, పిల్లకు హాస్టల్ సీటు కావాలని అర్జీలు పట్టుకుని వరుసలో నిలబడతారు. ఏ ఇంటిని మ్యూజియం చూపిస్తున్నదో ఆ ఇంటి మనుషులు అదే ఆవరణలో ఉంటారు. చూసేవాళ్ళు, చూపించబడేవాళ్ళు అని రెండు వర్గాలు అక్కడ విడదీయడం కుదరదు. కోయ తల్లి తన బిడ్డను ఆ గుడిసె ముందుకు తీసుకెళ్ళి, మీ తాత ఇల్లు ఇట్లానే ఉండేదని చెప్పగలిగితే, హైదరాబాద్ నుంచి వెళ్ళిన మన కుటుంబం పక్కన నిలబడి వినగలిగితే, ఏ గైడూ అక్కర్లేదు.

అందుకని ఆ ఆవరణ నడిపేవాళ్ళకు ఒక సందర్శకుడి సలహాగా ఇది రాస్తున్నాను. ఏటా తొలకరికి ముందు ఆ గుడిసెలకు గడ్డి మార్చక తప్పదు. ఆ పనిని గేట్లు మూసి కాంట్రాక్టుకు అప్పగించకండి. కొండరెడ్డి, కోయ పెద్దలనే పిలిచి మేస్త్రీ కూలికి తగ్గకుండా ఇచ్చి, కట్టినవాళ్ళ పేర్లూ ఊళ్ళూ ఆ ఇంటి గుమ్మం దగ్గర రాయించండి. తొలకరి ముందు కోయలు చేసుకునే భూమి పండుగ రోజుల్లోనే ఆ పని పెట్టి, తేదీ ముందుగా చాటింపు వేయండి. బడిపిల్లల్ని, కాలనీల్లో పెరుగుతున్న ఆ పెద్దల మనవల్ని రమ్మనండి. గడ్డికట్టలు వాళ్ళనే అందించమనండి. పాఠకులు కూడా భద్రాచలం ప్రయాణం శ్రీరామనవమికే పెట్టుకోకుండా, ఒక సోమవారం కలిసొచ్చేటట్టు చూసుకోండి. పెద్దవాళ్ళను ఇంట్లో వదిలి వెళ్ళకండి. తాటాకిల్లు కప్పిన చేతులు మీ ఇంట్లోనూ ఒక జత ఉండే ఉంటాయి.