రిలే: చిన్న సంతకం, పెద్ద మంజూరు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగారు. రాజుల చరిత్ర రాసే స్తోమత నాకు లేదు. స్టోర్సు సెక్షన్లో గుమాస్తాగా ఇరవై ఏళ్లకు పైగా ఇండెంట్లు రాసినవాణ్ణి కనుక, వాటిలో తరచు కనబడిన ఒక వస్తువు చరిత్ర రాస్తున్నాను. దాని పేరు రిలే.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. 1978లో మా వర్క్‌షాపు కంట్రోల్ ప్యానెల్‌కు రిలేలు కావాలని మెకానిక్ చీటీ రాసి ఇచ్చాడు. అందులో ‘48 వోల్టుల కాయిల్’ అని ఉంది. ఇండెంట్ ఫారంలో దానికి గడి లేదు కనుక నేను వదిలేశాను. వచ్చినవి 24 వోల్టులవి. బిగించిన గంటలోపే కమురు వాసన. వోల్టేజి రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుందని ఆ రోజు తెలిసింది. మెమో అందుకున్నాను, సంజాయిషీ రాసుకున్నాను. నా చేత అన్ని అగచాట్లు పడేట్టు చేసిన ఈ వస్తువు ఏమిటో చూద్దామని గ్రంథాలయం బాట పట్టాను.

1835 ప్రాంతంలో అమెరికాలోని ప్రిన్స్‌టన్ కళాశాలలో జోసెఫ్ హెన్రీ అనే ఆచార్యుడు ఒక ప్రయోగం చేసి చూపించేవారు. దూరం నుంచి తీగ మీద వచ్చే బలహీనమైన కరెంటు ఒక చిన్న అయస్కాంతాన్ని కదిలిస్తుంది. ఆ కదలిక పక్కనున్న బలమైన సర్క్యూటును తెరుస్తుంది. దాంతో పెద్ద అయస్కాంతం పట్టుకున్న బరువు దభీమని కింద పడుతుంది. ఆఫీసరు గారి చిన్న సంతకంతో ట్రెజరీలో లక్షలు కదలడం లాంటిదే ఇది. సంతకం చేసే సిరాకు డబ్బు మోసే బలం అక్కర్లేదు గదా! అలసిన గుర్రాన్ని విప్పి కొత్త గుర్రాన్ని కట్టే మజిలీని ఇంగ్లీషులో రిలే అనేవారు. దూరం పోయి నీరసించిన టెలిగ్రాఫు సంకేతానికి కొత్త బలమిచ్చే పరికరానికీ ఆ పేరే వచ్చింది.

తర్వాత టెలిఫోన్లలోకి వచ్చింది. అంత్యక్రియల వ్యాపారం చేసుకునే స్ట్రౌజర్ అనే ఆయన, తనకు రావలసిన కాల్స్‌ను ఆపరేటరు పోటీదారుకు మళ్లిస్తోందన్న అనుమానంతో, ఆపరేటరే అక్కర్లేని ఎక్స్ఛేంజి కనిపెట్టి 1891లో పేటెంటు పొందాడని చెబుతారు. పాత ఎక్స్ఛేంజిల టకటక చప్పుడు మన సభ్యుల్లో చాలామంది విన్నదే.

1937లో క్లాడ్ షానన్ అనే విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో, ‘అవును’, ‘కాదు’ అనే తర్కమంతా రిలేలతో చేయించవచ్చని నిరూపించాడు. 1941లో జర్మనీలో కొన్రాడ్ సూజె రెండు వేలకు పైగా రిలేలతో లెక్కలు చేసే యంత్రం కట్టాడు. ఆ రోజుల్లో రిలేయే మెదడు. తర్వాత మెదడు పని చిప్పులకు పోయి, రిలేకు చేతి పని మిగిలింది.

ఇదంతా మళ్లీ గుర్తుకు రావడానికి మా మనవడు కారణం. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవుల్లో డాబా మీద మొక్కలకు నీళ్లు పట్టే పరికరం చేశాడు. చిన్న బోర్డు హుకుం ఇస్తుంది, రిలే కలుస్తుంది, 230 వోల్టుల కరెంటు పవర్ సప్లైకి వెళ్తుంది, దాంతో పంపు తిరుగుతుంది. బోర్డు పిన్ను ఇరవై మిల్లీ ఆంపియర్లకు మించి ఇవ్వలేదు, 5 వోల్టుల కాయిల్‌కేమో డెబ్బై దాకా కావాలి. మధ్యలో ట్రాన్సిస్టరు, కరెంటు ఆగినప్పుడు కాయిల్ కొట్టే ఎదురు దెబ్బకు అడ్డంగా డయోడు, ఇవన్నీ సరిగ్గానే పెట్టాడు. ఒక రాత్రి బోర్డు ‘ఆపు’ అన్నా పంపు ఆగలేదు. తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ, పంపు మాడిపోయింది, పక్కింటివారి గోడంతా తడి.

“తాతయ్యా, దీని మీద 10 ఆంపియర్లని రాసి ఉంది. నా పవర్ సప్లై ఒక ఆంపియరు కూడా లాగదు!”

“ఒరేయ్, అది నడిచేటప్పటి మాట. మొదలెట్టేటప్పుడు ఎంత లాగుతుందో అడిగావా?”

విప్పి చూస్తే రిలే కాంటాక్టులు అతుక్కుపోయి ఉన్నాయి. ఇప్పటి పవర్ సప్లైల లోపల పెద్ద కెపాసిటరు ఖాళీగా ఉంటుంది. స్విచ్చి వేసిన క్షణంలో అది పదుల ఆంపియర్లు గుటుక్కున మింగుతుంది. సరిగ్గా అప్పుడే కాంటాక్టులు కలుస్తూ ఎగిరెగిరి పడతాయి, నిప్పురవ్వ లేస్తుంది, లోహం కరిగి వెల్డింగయిపోతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. 250 వోల్టుల ఏసీకి పనికొచ్చే రిలే మీదే డీసీకి 30 వోల్టులని రాసి ఉంటుంది. మన ఏసీ సెకనుకు నూరుసార్లు సున్నాకు వస్తుంది కనుక నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీకి ఆ విరామం లేదు.

కదిలే భాగాలు లేని సాలిడ్ స్టేట్ రిలే పెడతానన్నాడు. అది చప్పుడు చేయదు, అరగదు, నిజమే. కాని ఆపినప్పుడు కూడా కాస్త కరెంటు కారుతుంది, వేడెక్కుతుంది, చెడిపోతే చాలావరకు కలిసి ఉన్న స్థితిలోనే చెడుతుంది. ట్యాంకు సంగతి గుర్తు చేసి వద్దన్నాను. చివరకు ఆరంభపు ఉరవడిని తట్టుకునేలా కాంటాక్టులకు సిల్వర్ టిన్ ఆక్సైడ్ వాడిన రిలే, దానికి తోడు మొదటి కరెంటును అణచే థర్మిస్టరు తెప్పించాలని నిర్ణయించాం. 230 వోల్టుల వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే చేయించాను.

కొనే ముందు మనవడు నోటుబుక్కులో పట్టిక రాసుకున్నాడు: వస్తువు, సంఖ్య, ధర. స్కేలు తీసుకుని, కాయిల్ వోల్టేజికి ఒకటి, ఆరంభపు కరెంటుకు ఒకటి, రెండు గడులు నేనే గీసి ఇచ్చాను.