చూపు కాగితముపై, వ్రేళ్లు మీటలపై

యౌవనమున నేనొక కచేరిలో నకలు గుమాస్తాగా నుంటిని. టైపు యంత్రముపై రెండు చూపుడువ్రేళ్లతోనే మీటలను వెదకి వెదకి కొట్టుచుంటిని. ఒకనాడొక రైతు దస్తావేజునకు నకలు తీయుచు, మీటలనుండి చూపు మరల కాగితమునకు త్రిప్పునప్పుడు ఒక పంక్తిని దాటితిని. ఆతని పొలమునకు తూర్పుహద్దు ఆ పంక్తిలోనే యుండెను. సరిచూచిన పెద్దగుమాస్తా పట్టుకొనెను గాని, లేనిచో ఆ రైతు గతి యేమయ్యెడిదో! “తప్పు నీ వ్రేళ్లది కాదు, చూపుది” అని ఆయన మందలించెను.

ఈ సంగతి అమెరికాలో చాలకాలము క్రిందటనే తేలినది. క్రిస్టఫర్ షోల్స్ ప్రభృతులు 1868లో పేటెంటు పొందిన టైపురైటరు, కొన్ని మార్పులతో 1874లో రెమింగ్టన్ కంపెనీ ద్వారా అమ్మకమునకు వచ్చెను. యంత్రము వచ్చెను గాని, దానిపై వ్రేళ్లనుంచు పద్ధతి స్థిరపడలేదు. సిన్సినాటి నగరమున లాంగ్లీ అను ఉపాధ్యాయురాలు, అన్ని వ్రేళ్లను వాడవలెనని బోధించుచు 1882లో పాఠములు ప్రకటించెను. అది అనవసరమని కొందరు వాదించిరి.

ఆ నగరముననే 1888 జూలై 25వ తేదీన 500 డాలర్ల పందెము జరిగెను. సాల్ట్‌లేక్ నగరపు న్యాయస్థాన లేఖకుడు ఫ్రాంక్ మెక్‌గురిన్ మీటలను చూడక కొట్టువాడు. ప్రతిస్పర్ధి లూయీ ట్రాబ్ చూచి కొట్టువాడు. ఒకరు చెప్పగా 45 నిమిషములు, కాగితము చూచి 45 నిమిషములు టైపు చేయవలెను. రెంటను మెక్‌గురినే గెలిచెను. విశేషమేమనగా, కాగితము చూచి చేయునప్పుడు ఆతని వేగము హెచ్చెను; ట్రాబ్ వేగము తగ్గెను. ఒకని చూపు కాగితమును వీడలేదు. రెండవవాని చూపు ఇటునటు తిరుగుచుండెను.

పిమ్మట నేనును టైపు పాఠశాలలో చేరితిని. ఉపాధ్యాయుడు మీటలపై గుడ్డ కప్పెను. నడిమి వరుసలో ఎడమచేతి నాలుగు వ్రేళ్లు ఎ, ఎస్, డి, ఎఫ్ మీటలపైనను, కుడిచేతి వ్రేళ్లు జె, కె, ఎల్, దాని ప్రక్క మీటపైనను నిలుపవలెను. ఏ వ్రేలు ఎటు పోయినను మరల తన చోటికి రావలెను. మొదటి నెలలో నా వేగము సగమయ్యెను. సిగ్గుపడి మానివేయ నెంచితిని; తూర్పుహద్దు జ్ఞప్తికి వచ్చి మానలేదు.

నేటి కంప్యూటరు మీటలలో ఎఫ్, జె అను రెంటిపై చిన్న ఉబ్బుగీటు చేతికి తగులును. చూడకయే చూపుడువ్రేళ్లు తమ చోటు గుర్తించుటకే అది యున్నది. మీ మనుమలు ఈ విద్య నేర్చునప్పుడు ఆ గీటులను చూపుడు. మొదట వేగము తగ్గినదని వారిని పాత పద్ధతికి మరలనీయకుడు.