కబురు, హబారి: జాంజిబార్ నుంచి తిరిగొచ్చిన మాటలు

అల్ ఖౌద్‌లోని సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం 1986లో మొదలైంది. అక్కడి చదువు అరబ్బీ, ఇంగ్లీషు భాషల్లో సాగుతుంది. కాని మస్కట్ పరిసరాల్లో కొన్ని ఒమానీ ఇళ్ళలో పెద్దవాళ్ళు మాట్లాడుకునేది స్వాహిలీ. ఈ తూర్పు ఆఫ్రికా భాష ఇక్కడికి ఎలా వచ్చిందో మనలాంటి వలస కుటుంబాలు తెలుసుకోవాలి.

ఒమన్ పాలకుడు సయ్యద్ సయీద్ 1840 ప్రాంతంలో రాజధానిని మస్కట్ నుంచి జాంజిబార్ దీవికి మార్చాడు. లవంగాల తోటలు, ఏనుగు దంతాలు, బానిసల వ్యాపారం ఒమానీలను అక్కడికి రప్పించాయి. 1844లో పుట్టిన ఆయన కూతురు సల్మే, 1886లో జర్మన్ భాషలో తన ఆత్మకథ ప్రచురించింది. ఆమె తల్లి కాకసస్ ప్రాంతపు సర్కాసియన్ స్త్రీ. తండ్రి ఎదుట అందరూ అరబ్బీయే మాట్లాడాలట. ఆయన అటు తిరిగితే చాలు, పర్షియన్, టర్కిష్, సర్కాసియన్, స్వాహిలీ, నూబియన్ అన్నీ కలగలిసి వినిపించేవట. కొలువుకొక భాష, మనసుకొక భాష అన్నమాట.

1861లో భారత వైస్రాయి కానింగ్ తీర్పుతో జాంజిబార్, ఒమన్ వేరు రాజ్యాలయ్యాయి. అయినా ఒమానీలు అక్కడే స్థిరపడి స్వాహిలీలో పెరిగారు. 1964 జనవరి విప్లవంలో వేలాది అరబ్బులు ప్రాణాలు కోల్పోయారు. ఎందరో దీవి విడిచిపోయారు. 1970లో గద్దెనెక్కిన సుల్తాన్ ఖాబూస్, బయటి దేశాల్లోని ఒమానీలను తిరిగి రమ్మన్నారు. వచ్చినవారిలో చదువుకున్నవాళ్ళు కొత్త ప్రభుత్వానికి అక్కరకొచ్చారు. కాని వారిలో చాలామందికి అరబ్బీ సరిగా రాదు. అక్కడ అరబ్బులనిపించుకున్నవాళ్ళు ఇక్కడ ‘జాంజిబారీలు’ అయ్యారు.

వాళ్ళు తెచ్చుకున్న మాటల్లో మూడింటిని చూద్దాం. ‘హబారి’ అంటే ఏం కబురు అని పలకరింపు. అరబ్బీ ‘ఖబర్’ ఆఫ్రికాలో హబారి అయింది, మన దగ్గర కబురైంది. ‘షికమూ’ పెద్దలకు చేసే వందనం. ‘మీ పాదాలు పట్టుకుంటున్నాను’ అని దాని మూలార్థం చెబుతారు. మన ‘కాళ్ళకు దండం’ లాంటిదే. ఇక ‘పోలే’. ఎవరైనా పడిపోయినా, అలసిపోయినా, ఆత్మీయులను పోగొట్టుకున్నా అనే మాట. అన్నవాడు ఏ తప్పూ చేసి ఉండనక్కర్లేదు. ఎదుటివాడి బాధలో పాలు పంచుకోవడమే దాని అర్థం. మన ‘అయ్యో’కు దగ్గర చుట్టం.

ఒమన్‌లో బడి భాష అరబ్బీ. స్వాహిలీ నిలిచింది ఇంట్లోనే, పెద్దలకూ పిల్లలకూ మధ్య. మన పిల్లలకు అక్షరాలు నేర్పించడానికి మనం పడే తాపత్రయం మంచిదే. కాని ఒక మాట ఆలోచించండి. ఫోనులో అమ్మమ్మ “మోకాళ్ళు నొప్పులురా నాన్నా” అంటే మనవడు “సారీ” అంటాడు. వాడి మనసులో ప్రేమ లేక కాదు. ఆవిడకు మాత్రం, వీడేం తప్పు చేశాడని క్షమాపణ చెబుతున్నాడో అర్థం కాదు. ఆవిడ ఎదురుచూసేది “అయ్యో అమ్మమ్మా” అన్న మాట కోసం. అది ఏ వాచకంలోనూ దొరకదు. మన నోట రోజూ వింటేనే వాడికి వస్తుంది.